ఒక సూది, రెండు ప్రాణాలు: గర్భిణులకు ఫ్లూ టీకా పట్ల వైఖరుల చరిత్ర (1918-2021)

వ్యాససంగ్రహం: గర్భిణులు ఫ్లూ టీకాకు వెనుకాడుతారన్న మాట ప్రజారోగ్య రచనల్లో తరచు కనిపిస్తుంది. ఆ వెనుకంజకు స్త్రీల అవగాహనలోపాన్ని కారణంగా చూపడం పరిపాటి. 1918 నాటి మహమ్మారి మొదలు 2021 నాటి కోవిడ్ టీకా నిర్ణయం వరకు జరిగిన పరిణామాలను పరిశీలిస్తే, ఆ వెనుకంజ ఏర్పడటంలో ప్రభుత్వాలకూ వైద్యవృత్తికీ ఔషధ పరిశోధనకూ ఉన్న పాత్ర స్పష్టమవుతుంది. ధనుర్వాతం టీకాకు తెలుగు ప్రాంతాలలో దక్కిన ఆమోదంతో పోల్చి ఈ వ్యాసం ఆ పాత్రను చర్చిస్తుంది.

కీలకపదాలు: గర్భిణి, ఇన్‌ఫ్లుయెంజా, టీకా, థాలిడోమైడ్, ధనుర్వాతం, ప్రజారోగ్య చరిత్ర.

1. ప్రవేశిక

గర్భిణిని గురించి తెలుగువారు 'ఆమె ఉత్త మనిషి కాదు' అంటారు. కడుపులోని బిడ్డ పేరెత్తకుండానే ఆ బిడ్డ ఉనికిని తెలిపే మాట ఇది. ఈ మాట వెంటనే కొన్ని విధులూ, అంతకు మించి నిషేధాలూ వస్తాయి. బొప్పాయి తినరాదు, బరువులెత్తరాదు, వేడి చేసే మందులు వాడరాదు. గర్భిణికి ఏది ఇచ్చినా ఆచితూచి ఇవ్వాలన్న భావన శాస్త్రగ్రంథాలలోనూ ఉంది. చరకసంహిత శారీరస్థానం గర్భిణిని అంచుదాకా నూనె నింపిన పాత్రతో పోల్చి, అది తొణకకుండా చూసుకున్నట్లు చికిత్స చేయాలంటుంది. ఈ జాగ్రత్తలో లోకజ్ఞానం ఉంది. కాని ఫ్లూ విషయంలో మందు వల్ల కలిగే హాని ఊహామాత్రం కాగా రోగం వల్ల కలిగే హాని ప్రత్యక్షం. పాత్ర తొణుకుతుందని కదల్చకుండా ఉంచితే, అది ఉన్నచోటే నిప్పంటుకునే సందర్భాలు కూడా ఉంటాయి.

'టీకా' అన్న పదాన్ని గురించి ఒక మాట. తెలుగు సాహిత్య విద్యార్థులకు 'టీక' అనగానే వ్యాఖ్యానం గుర్తుకు వస్తుంది. మశూచి నివారణకు వాడుకలోకి వచ్చిన 'టీకా' వేరు. ఉత్తర భారత భాషలలో బొట్టునూ గుర్తునూ సూచించే పదం నుండి అది వచ్చింది. చర్మంపై మచ్చ మిగిల్చే చికిత్సకు ఆ పేరు సహజంగానే సరిపోయింది. సిరంజి వచ్చిన తరువాత మచ్చ పోయింది గాని పేరు నిలిచింది. పల్లెల్లో మాత్రం అది 'సూది'గానే మిగిలింది. జ్వరానికి వేసేదీ, రోగం రాకుండా వేసేదీ, కుటుంబనియంత్రణ శిబిరంలో వేసేదీ అన్నీ సూదులే. ఒక సూదిపై కలిగిన అనుమానం మరొక సూదిపైకి ఎంత సులువుగా పాకుతుందో ముందు భాగాలలో తెలుస్తుంది.

ఫ్లూ జ్వరానికి ఈ పదాల లోకంలో గట్టి స్థానం లేదు. అది జలుబులోనూ పడిశంలోనూ కలిసిపోయింది. 'పడిశం పది రోగాల పెట్టు' అన్న సామెత ఉన్నప్పటికీ, పడిశంతో చనిపోయినవారిని గురించి ఎవరూ చెప్పుకోరు. భయపెట్టని రోగానికి టీకా అడిగేవారు ఉండరు.

2. 1918: లెక్కకు రాని గర్భిణులు

1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా సెప్టెంబర్ నాటికి రెండవ విడతగా ఉగ్రరూపం దాల్చి దేశమంతా వ్యాపించింది. భారతదేశంలో మరణాల అంచనాలు సుమారు 1 కోటీ 20 లక్షల నుండి 2 కోట్ల దాకా ఉన్నాయి. 1911-21 దశాబ్దంలో దేశ జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గింది. తెలుగు జిల్లాలు కలిసి ఉన్న హైదరాబాద్ సంస్థానంలో ఈ తగ్గుదల మరింత ఎక్కువ. ప్లేగు, కరవు, ఇన్‌ఫ్లుయెంజా కలిసి అక్కడి జనాభాను సుమారు 1 కోటీ 34 లక్షల నుండి 1 కోటీ 25 లక్షలకు దించాయి.

ఈ మహమ్మారి భారతదేశంలో పురుషుల కంటే స్త్రీలను ఎక్కువగా బలిగొన్నది. ఐ. డి. మిల్స్ 1986లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని చర్చించింది. రోగులకు సేవ చేసే భారం స్త్రీలపై పడటం, వారికి పోషణ చాలకపోవడం కారణాలుగా చెప్పబడ్డాయి. అయితే చనిపోయిన స్త్రీలలో గర్భిణులెందరు? ఆనాటి పారిశుద్ధ్య నివేదికలు మరణాలను జ్వరాలు, కలరా, మశూచి వంటి స్థూల శీర్షికల కింద చూపేవి. గర్భిణుల విడి లెక్క వాటిలో కనిపించదు. 1919లో జననాలు బాగా పడిపోయాయన్న అంకె ఒక్కటే ఆ నష్టాన్ని పరోక్షంగా సూచిస్తుంది.

విడి లెక్క అమెరికాలో జరిగింది. జాన్ హారిస్ అనే వైద్యుడు 1919లో 1350 మంది గర్భిణుల వివరాలు సేకరించి ప్రచురించాడు. ఫ్లూ సోకినవారిలో సుమారు సగం మందికి న్యుమోనియా వచ్చింది. న్యుమోనియా వచ్చినవారిలో సుమారు సగం మంది మరణించారు. మొత్తం మీద నూటికి 27 మంది. నెలలు నిండేకొద్దీ గర్భాశయం పెరిగి ఉదరవితానాన్ని పైకి నెట్టడం, గుండెపై భారం అధికం కావడం, బిడ్డను తిరస్కరించకుండా ఉండేందుకు శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన తీరు మార్చుకోవడం వంటి కారణాలను తరువాతి వైద్యశాస్త్రం వివరించింది. 1919లో ఇవేవీ తెలియవు. వైరస్‌ను కనుగొన్నదే 1933లో. అప్పటివరకు ఫైఫర్ బ్యాసిలస్ అనే సూక్ష్మజీవిని కారణమనుకొని టీకాలు తయారుచేశారు. అవి గురి తప్పిన బాణాలు.

3. 1960 నాటి సిఫారసు, 1961 నాటి భయం

కోడిగుడ్లలో పెంచి నిర్జీవం చేసిన వైరస్‌తో టీకా తయారుచేయడం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ సైన్యం కోసం మొదలైంది. థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాక్ ఆ పరిశోధనలో ముఖ్యులు. 1957లో 'ఆసియా ఫ్లూ' వచ్చినప్పుడు ఈ టీకాకు మొదటి పెద్ద పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది మే నెలలో ఆ వ్యాధి సింగపూర్ నుండి మద్రాసుకు వచ్చిన ఓడ ద్వారా మన దేశంలోకి ప్రవేశించింది. 1958 ఫిబ్రవరి వరకు దేశంలో 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. నమోదైన మరణాలు మాత్రం సుమారు 1100. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ప్రసవయోగ్య వయస్సులో ఉండి ఫ్లూతో చనిపోయిన స్త్రీలలో సగం మంది గర్భిణులని తేలింది. 1918 నాటి పాఠం నలభై ఏళ్ళకు మరొకసారి వచ్చినట్లయింది. ఈ నేపథ్యంలో 1960లో అమెరికా సర్జన్ జనరల్ లెరాయ్ బర్నీ వృద్ధులతోనూ దీర్ఘరోగులతోనూ పాటు గర్భిణులకు కూడా ఏటా ఫ్లూ టీకా వేయాలని సిఫారసు చేశాడు.

గర్భిణులకు ఫ్లూ టీకా కొత్త ఆలోచన అన్న అభిప్రాయం వైద్యులలో కూడా ఉంది. పై తేదీని బట్టి చూస్తే అది పొరపాటు. ఆలోచనకు అరవై ఏళ్ళు దాటాయి. అది ఎందుకు వేళ్ళూనలేదన్నదే చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.

సమాధానంలో పెద్దభాగం 1961లో ఉంది. వేవిళ్ళను తగ్గించే సురక్షితమైన మందుగా 1957 నుండి జర్మనీలో అమ్ముడైన థాలిడోమైడ్, చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని శిశువుల జననానికి కారణమని తేలి 1961 నవంబర్‌లో మార్కెట్ నుండి తొలగించబడింది. అనేక దేశాలలో పదివేల మందికి పైగా శిశువులు దీని బారిన పడ్డారు. తల్లి గర్భం బిడ్డకు కోట అన్న నమ్మకం ఒక్కసారిగా కూలింది. ఆ తరువాత గర్భిణికి ఏ మందైనా ఇవ్వడానికి వైద్యుని చేయి వణకడం మొదలైంది. ఆ వణుకు అకారణం కాదు. 1971లో డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోను మందు ఉదంతం బయటపడింది. గర్భస్రావం కాకుండా తల్లులకిచ్చిన ఆ మందు, యుక్తవయస్సుకు వచ్చిన కూతుళ్ళలో అరుదైన క్యాన్సర్‌కు కారణమైందని తేలినప్పుడు ఆ వణుకు స్థిరపడింది.

పరిశోధన వ్యవస్థ దీనికిచ్చిన సమాధానం విచిత్రమైనది. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రసవయోగ్య వయస్సులోని స్త్రీలను తొలిదశ ఔషధ పరీక్షల నుండి మినహాయించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 1993 వరకు అవి అమలులో ఉన్నాయి. స్త్రీలను కాపాడటానికి చేసిన ఈ ఏర్పాటు వారిని గురించిన జ్ఞానమే పుట్టకుండా చేసింది. పరీక్షించలేదు గనుక భద్రత తెలియదు. తెలియదు గనుక ఇవ్వరాదు. ఇవ్వలేదు గనుక తెలుసుకునే వీలు లేదు. టీకా పెట్టెలోని కాగితంపై గర్భిణులలో భద్రత నిర్ధారణ కాలేదని ముద్రించడం ఈ వలయంలో పుట్టిన ఆచారమే. ఆ వాక్యం చదివిన స్త్రీ గాని, ఆమె భర్త గాని, అత్తగారు గాని టీకా వద్దనుకుంటే దానిని అపోహ అనడానికి వీలులేదు. వారు తయారీదారు మాటనే నమ్ముతున్నారు.

నిజానికి సాక్ష్యం పూర్తిగా లేకపోలేదు. 1959-65 మధ్య అమెరికాలో జరిగిన ఒక బృహత్ అధ్యయనంలో నిర్జీవ ఫ్లూ టీకా వేసుకున్న 2291 మంది గర్భిణుల పిల్లలను ఏడేళ్ళు వచ్చేవరకు గమనించారు. టీకా వల్ల హాని కనిపించలేదు. ఈ ఫలితాలు 1970లలోనే ప్రచురితమయ్యాయి. అయినా థాలిడోమైడ్ శిశువుల ఛాయాచిత్రాల ముందు ఈ అంకెలు నిలవలేదు. 1976లో అమెరికాలో పందిఫ్లూ భయంతో సుమారు 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. గీలన్-బారే అనే నరాల వ్యాధి కేసులు లక్షకు ఒకటి చొప్పున అదనంగా రావడంతో డిసెంబర్‌లో కార్యక్రమాన్ని ఆపివేశారు. రావలసిన మహమ్మారి రాలేదు. అవసరం లేని టీకా వేశారన్న అపకీర్తి మిగిలింది. 1960 నాటి సిఫారసు ఈ దశాబ్దాలలో నీరుగారిపోయింది. 1997లో నాలుగవ నెల నుండి వేయవచ్చన్న పరిమితితో మళ్ళీ వచ్చింది. ఏ నెలలోనైనా వేయవచ్చని 2004లో ఆ పరిమితిని తొలగించారు. ఒకే టీకాను గురించి ఒకే దేశం ఇన్నిసార్లు మాట మార్చినప్పుడు, వినేవారు ఒక్క మాటపై నిలబడాలని కోరడం న్యాయం కాదు.

4. ధనుర్వాతం సూది: ఆమోదం ఎలా పుట్టింది?

తెలుగు ప్రాంతాల చరిత్ర ఇక్కడ ఒక విలువైన పోలికనిస్తుంది. గర్భిణీ స్త్రీ టీకాను సహజంగానే తిరస్కరిస్తుందన్న వాదాన్ని పూర్వపక్షం చేసే సాక్ష్యం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉంది. అదే టీటీ సూది.

ఇంటివద్ద పురుడు పోసుకునే కాలంలో కొడవలితోనో, మరిగించని బ్లేడుతోనో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాత క్రిములు శిశువుకు సోకేవి. నాలుగైదు రోజులు బాగా పాలు తాగిన బిడ్డ హఠాత్తుగా దవడలు బిగిసి, పాలు పట్టలేక, వంటి బిగువుతో విల్లులా వంగి మరణించేది. దీనికి శిశువుకు టీకా వేసే వ్యవధి లేదు. తల్లికి ముందే వేస్తే ఆమె శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలు మావి ద్వారా బిడ్డకు చేరతాయి. న్యూగినీలో జరిగిన ఒక అధ్యయనం ఈ సూత్రాన్ని నిరూపించింది. అది ప్రచురితమైన సంవత్సరం 1961, అంటే థాలిడోమైడ్ తొలగించబడిన సంవత్సరమే. ఒకే ఏడాది గర్భిణి శరీరాన్ని గురించి రెండు విరుద్ధ పాఠాలు వచ్చాయి. సంపన్న దేశాల వైద్యం ఒకదాన్ని గుర్తుంచుకున్నది. పేద దేశాల ప్రజారోగ్యం రెండవదాన్ని అమలుచేసింది.

భారతదేశంలో 1983 నుండి జాతీయ కార్యక్రమంలో గర్భిణులకు ధనుర్వాతం టీకా చేరింది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది. మాతా నవజాతశిశు ధనుర్వాత నిర్మూలన ధ్రువీకరణ దేశంలో మొట్టమొదట 2003లో ఆంధ్రప్రదేశ్‌కు లభించింది. దేశం మొత్తానికి ఆ స్థాయి రావడానికి 2015 వరకు పట్టింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 92 మంది తల్లుల కాన్పులకు ఈ రక్షణ ఉంది. టీటీ స్థానంలో డిఫ్తీరియా రక్షణ కూడా చేర్చిన టీడీ వచ్చినా, వాడుకలో అది నేటికీ టీటీ సూదే.

ఈ సూదిని స్త్రీలు రోగనిరోధక శాస్త్రం చదివి ఆమోదించలేదు. ఆమోదాన్ని నిర్మించిన వస్తువులు వేరే ఉన్నాయి. నెల తప్పిందని తెలిసిన తరువాత పేరు నమోదు చేసుకొనే నర్సమ్మ, ఆమె చేతిలోని కార్డు, కార్డులో మొదటి సూదికీ రెండవ సూదికీ ఉన్న గడులు, ఒక్క రూపాయి అడగకపోవడం, తోడికోడలూ వదినా అదే సూది వేయించుకొని క్షేమంగా కనడం, ఇవీ ఆ వస్తువులు. ఒక తరం గడిచేసరికి గర్భిణిని పలకరించే పెద్దలు 'ఎన్నో నెల?' అన్న ప్రశ్న పక్కనే సూది వేయించుకున్నావా అన్న ప్రశ్నను కూడా చేర్చుకున్నారు. సీమంతంలో గాజులు తొడిగినట్లే సూది కూడా కాన్పు ముందు జరగవలసిన పనులలో ఒకటైంది. వేడి చేసే మందు వద్దనే అత్తగారే కోడలిని ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్ళిన సందర్భం ఇది. సంప్రదాయం టీకాకు అడ్డు అనేవారు ఈ దృశ్యాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

5. అనుమానానికి గల ఆధారం

ఆమోదం ఉన్నచోట అనుమానం లేదని కాదు. 1975-77 అత్యవసర పరిస్థితిలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. ఆరోగ్య సిబ్బంది ఊళ్ళోకి వస్తే జనం పారిపోయిన కాలమది. ప్రభుత్వ సూది సంతానాన్ని ఆపుతుందన్న భయానికి అక్కడ బలమైన బీజం పడింది.

ఈ భయానికి ప్రయోగశాలలో కూడా ఒక దూరపు చుట్టరికం ఉంది. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో జి. పి. తల్వార్ బృందం గర్భధారణను నిరోధించే టీకాపై పరిశోధన చేసింది. గర్భం నిలవడానికి అవసరమైన హార్మోనును ధనుర్వాత టాక్సాయిడ్‌తో జతచేసి వారు పరీక్షించారు. ఆ ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి. ఆ కాలంలోనే మెక్సికో, ఫిలిప్పీన్స్ దేశాలలో మామూలు ధనుర్వాతం టీకాలో రహస్యంగా ఆ హార్మోను కలుపుతున్నారన్న వదంతి పుట్టింది. 2014లో కెన్యాలో అది మళ్ళీ తలెత్తింది. వదంతి అబద్ధం. అయితే అది శూన్యం నుండి పుట్టలేదు. నిజంగా జరిగిన ఒక పరిశోధనకూ, నిజంగా జరిగిన బలవంతపు శస్త్రచికిత్సలకూ మధ్యనున్న ఖాళీని అది పూరించింది.

తెలుగునేలకు మరింత దగ్గరి ఉదాహరణ ఖమ్మం. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహాల విద్యార్థినులు ఎందరో ఉన్నారు. కొన్ని మరణాల వార్తల తరువాత 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు సమ్మతిపత్రాలపై సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అడగకుండా వేశారన్న సంగతి మాత్రం జ్ఞాపకంలో నిలిచింది. ఆనాటి బాలికలు ఈనాటి తల్లుల తరం.

6. 2009 తరువాత

2009 మే నెలలో కొత్త హెచ్1ఎన్1 ఫ్లూ దేశంలో మొదటిసారి నిర్ధారణ అయినది హైదరాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికునిలో. తెలుగు పత్రికలు దానిని 'స్వైన్ ఫ్లూ' అన్నాయి. పడిశంలో కలిసిపోయిన రోగానికి మొదటిసారి భయపెట్టే పేరు వచ్చింది. ఈ మహమ్మారి కూడా గర్భిణులను వదలలేదు. అమెరికా జనాభాలో సుమారు ఒక శాతంగా ఉన్న గర్భిణులు అక్కడి ఫ్లూ మరణాలలో ఐదు శాతంగా ఉన్నారు. అంతకుముందు 30 శాతానికి లోపే ఉన్న టీకా వినియోగం అక్కడి గర్భిణులలో సుమారు 50 శాతానికి పెరిగింది.

దీనికి ముందే పొరుగుదేశం నుండి ముఖ్యమైన సాక్ష్యం వచ్చింది. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో 340 మంది గర్భిణులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. తల్లికి ఫ్లూ టీకా వేస్తే పుట్టిన శిశువులలో నిర్ధారిత ఫ్లూ 63 శాతం తగ్గింది. ఆరు నెలలలోపు శిశువులకు వేయదగిన ఫ్లూ టీకా లేదు గనుక తల్లి ద్వారా అందేదే వారికి రక్షణ. ఇది టీటీ సూది సూత్రమే. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా కార్యక్రమాలలో గర్భిణులకు అగ్రప్రాధాన్యమివ్వాలని సూచించింది. 2017లో అమెరికాలో ఒక అధ్యయనం, వరుసగా రెండేళ్ళు టీకా వేసుకున్నవారిలో గర్భస్రావానికి సంబంధం ఉండవచ్చని అనుమానించింది. 2019లో అదే ప్రశ్నతో జరిగిన పెద్ద అధ్యయనంలో ఆ సంబంధం కనిపించలేదు. మొదటిదాని వార్త వ్యాపించినంతగా రెండవదాని వార్త వ్యాపించలేదు.

మన దేశంలో హెచ్1ఎన్1 టీకాలు 2010లో వచ్చాయి. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారీ. ముక్కులో చుక్కలుగా వేసే సజీవ టీకా మరొకటి; సజీవ వైరస్ ఉన్నందున అది గర్భిణులకు తగదు. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు గర్భిణులను అధిక ప్రమాదవర్గంలో చేర్చి టీకా సూచించాయి. ప్రసూతివైద్యుల సంఘాలూ సూచించాయి. కాని సార్వత్రిక టీకా కార్యక్రమంలో అది చేరలేదు. 2015లో దేశంలో 42 వేలకు పైగా కేసులు, సుమారు 3 వేల మరణాలు నమోదై, తెలంగాణ తొలిదశలోనే దెబ్బతిన్నప్పుడు కూడా చేరలేదు. ఫలితంగా ఫ్లూ టీకా వెయ్యి రూపాయలకు పైబడిన ధరతో ప్రైవేటు ఆసుపత్రి గదిలో ఉండిపోయింది. శ్రీనగర్‌లో గర్భిణులపై జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ టీకా వినియోగం లేదన్నంత తక్కువగా ఉంది. దీనిని తిరస్కారం అనడం కష్టం. అడిగినవారు లేనిచోట కాదన్నవారూ ఉండరు. వైద్యులు చెబితే వేయించుకుంటామన్న సమాధానం అనేక దేశాల సర్వేలలో ప్రధానంగా వినిపించింది. కాబట్టి పరిశోధకులు గర్భిణుల వైఖరి కంటే ముందు ప్రసూతివైద్యుల వైఖరిని, వారికంటే ముందు బడ్జెట్ నిర్ణయించేవారి వైఖరిని అధ్యయనం చేయడం సమంజసం.

7. 2021: పాత వలయం, కొత్త టీకా

2021 జనవరి 16న కోవిడ్ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు గర్భిణులను, పాలిచ్చే తల్లులను మినహాయించారు. పరీక్షలలో వారిని చేర్చలేదు గనుక సమాచారం లేదన్నది కారణం. 1977 నాటి తర్కం చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. రెండవ విడత ఉధృతి ఏప్రిల్, మే నెలలలో గర్భిణులనూ బాలింతలనూ బలితీసుకున్నది. పాలిచ్చే తల్లులకు మే 19న, గర్భిణులకు జూలై 2న అనుమతి వచ్చింది. అప్పటికి ఆ ఉధృతి తగ్గింది. ఆరు నెలలు మీకు వద్దని చెప్పిన ఆరోగ్య సిబ్బందే ఇప్పుడు తప్పక వేసుకోవాలని చెప్పవలసి వచ్చింది. సంకోచించిన స్త్రీలను ఒప్పించే భారం ఆశా కార్యకర్తలపై పడింది. ప్రచార పత్రాలు ఆ సంకోచాన్ని 'అపోహ' శీర్షిక కింద చేర్చాయి.

కోవిడ్ టీకాకు ఆలస్యంగానైనా ఉచితంగా తలుపు తెరుచుకుంది. ఫ్లూ టీకాకు అదీ జరగలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణికి ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డులో టీడీ మొదటి మోతాదుకూ, రెండవ మోతాదుకూ, బూస్టరుకూ గడులు ఉన్నాయి. నర్సమ్మ వాటిలో తేదీ వేస్తుంది. ఫ్లూ టీకాకు అందులో గడి లేదు.